లేదు వేరు, కాదు వేరు

తెనాలిలో ఒక పాథాలజీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో స్లైడులు పగలగొట్టాను. సీసా మీద పేరు తప్పు రాసి, చెమటలు పట్టేలోపు దిద్దుకున్నాను. ఒకసారి మైనం కరిగించే పాత్ర ఆపడం మరిచిపోయి గదంతా పొగ చేశాను. అవన్నీ చేతులతో చేసిన తప్పులు. వాటిని డాక్టరుగారైనా పట్టుకున్నారు, నేనైనా పట్టుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది నోటితో చేసిన తప్పు. ఒకే ఒక్క వాక్యం, అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి మైనపు దిమ్మని పల్చటి పొరలుగా కోయడం ఎవరో ఒకరు నేర్పుతారు. ఫోనెలా మాట్లాడాలో ఎవరూ నేర్పరు. అందుకని రాస్తున్నాను.

మాది చిన్న ల్యాబు. ముందు గదిలో రక్తం, షుగరు, థైరాయిడ్ పరీక్షలు. వెనక గదిలో నా పని. ఆపరేషన్ చేసి తీసిన భాగాన్ని ఆసుపత్రివాళ్ళు ఫార్మలిన్ పోసిన డబ్బాలో పంపిస్తారు. దాన్ని కొలిచి, అనుమానం ఉన్న చోటల్లా చిన్న ముక్కలు కోసి, మైనంలో పెట్టి, వెంట్రుక కన్నా పల్చగా పొరలు తీసి, రంగు వేసి గాజు పలక మీద పెడతాం. ఆ పలకని డాక్టరుగారు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. ఆవిడ చెబుతుంటే నేను రిపోర్టు టైపు చేస్తాను. ముందు గదిలో ఉండాల్సిన అమ్మాయి సెలవు పెడితే ఫోన్ కూడా నాదే. ఆ అమ్మాయి సెలవులు ఎక్కువే పెట్టేది.

డాక్టరుగారు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. మాట తక్కువ మనిషి. పేషెంట్లతో మాట్లాడాల్సిన అవసరం లేదనే ఈ చదువు ఎంచుకున్నానని ఒకసారి నాతో అన్నారు. నిజంగానే ఆవిడ గది తలుపు ఎప్పుడూ దగ్గరకి వేసే ఉండేది. ఎవరైనా రిపోర్టు పట్టుకుని "ఇందులో ఏముందమ్మా" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది: "మీ డాక్టరుగారికి చూపించండి, ఆయన చెబుతారు." ఆ మాట నన్ను ముప్పై ఏళ్ళు కాపాడింది. అక్కరకొచ్చిన రోజున మాత్రం నోటికి రాలేదు.

కరోనా సద్దుమణిగి ఏడాదిన్నర అయి ఉంటుంది. పక్క వీధిలోని నర్సింగ్‌హోము నుంచి ఒక డబ్బా వచ్చింది. రేపల్లె ఆవిడ, వయసు నలభై నాలుగు, ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ. రొమ్ము మొత్తం తీసేసి, చంకలోని లింఫు గ్రంథులు, మేం బిళ్ళలంటాం, అవి కూడా తీసి పంపారు. నేనే కొలిచాను, నేనే కోశాను. వారానికి రిపోర్టు తయారైంది. గడ్డ రెండున్నర సెంటీమీటర్లు. కణాల తీరు మొండి రకం. కోసిన అంచుల్లో జబ్బు లేదు. చంకలో పదమూడు బిళ్ళలు దొరికితే వాటిలో రెండింటికి పాకింది.

రిపోర్టు తీసుకోవడానికి ఆవిడ తమ్ముడొచ్చాడు. బాపట్లలో పరుపుల షాపు అతనిది. చొక్కా భుజాల మీద దూది పోగులు అంటుకుని ఉన్నాయి. కౌంటర్ దగ్గరే నిలబడి కాయితం అంతా చదివి, ఒక చోట వేలు పెట్టాడు.

"మేడం, ఇక్కడ ఫ్రీ అని ఉందండి. అంటే మా ఆపాకి జబ్బు లేనట్టేనా?"

ఆపా అంటే ఉర్దూలో అక్క. అతను వేలు పెట్టిన లైను కోసిన అంచుల గురించి. నేను నా మాట చెప్పాను. "మీ డాక్టరుగారికి చూపించండి, ఆయన చెబుతారు."

సర్జన్‌గారు చూశారు. "ఇంకో రిపోర్టు రావాలి, అది వచ్చాక ఏ మందు ఎక్కించాలో చెబుతాను" అన్నారట. ఆ ఇంకో రిపోర్టుకి కావాల్సిన పరీక్ష మా దగ్గర లేదు. మైనపు దిమ్మని గుంటూరులో పెద్ద ల్యాబుకి పంపిస్తాం. తీసేసిన గడ్డ ఏ మందుకి లొంగే రకమో అక్కడ మూడు పరీక్షలు చేసి చెబుతారు. పది పన్నెండు రోజులు పడుతుంది.

ఆ రిపోర్టు శనివారం వచ్చింది. నేను చెప్పేది సోమవారం సంగతి. ముందు గది అమ్మాయి రాలేదు. పరగడుపున రక్తం ఇవ్వాల్సిన వాళ్ళు ఎనిమిది మంది బెంచీల మీద కూర్చుని నావైపే చూస్తున్నారు. ఒక పెద్దాయన కాఫీ ఎప్పుడు తాగొచ్చో మూడోసారి అడుగుతున్నాడు. ఫోన్ మోగింది.

"మేడం, రేపల్లె పేషెంటు తమ్ముడినండి. రిపోర్టు వచ్చిందా అండి?"

"వచ్చిందండి. వచ్చి తీసుకెళ్ళండి."

"షాపు వదిలి రావాలంటే రెండు రోజులు పడుతుందండి. ఏం వచ్చిందో ఒక్క ముక్క చెప్పండి. ఆపా నిద్రపోవట్లేదు."

కవరు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తీసి చూశాను.

"మూడూ నెగెటివేనండి."

"హమ్మయ్య" అన్నాడు. వెనక్కి తిరిగి ఎవరికో గట్టిగా ఉర్దూలో చెప్పాడు. అక్కడెవరో ఏడ్చారు, సంతోషంతో ఏడ్చే ఏడుపు. "చాలా థాంక్సండి, చల్లని కబురు చెప్పారు" అన్నాడు. నేను పెట్టేశాను.

ఆ "హమ్మయ్య" నాకు వినపడింది. వినపడలేదని చెప్పుకుంటే ఈ రాతకి అర్థం లేదు. కరోనా ఉన్న రెండేళ్ళూ అదే ఫోన్లో రోజుకి ఎంతమందికో "నెగెటివ్ అండి" అని చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అవతల "హమ్మయ్య" అన్నారు. ఆ రెండు మాటలూ నా చెవుల్లో జంటగా కలిసిపోయాయి. ఏదో తేడాగా ఉందని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఈలోపు కాఫీ పెద్దాయన నాలుగోసారి అడిగాడు. నేను సూది తీశాను.

నెలకోసారి, ఎవరూ తీసుకెళ్ళని రిపోర్టుల అర సర్దడం నాకు అలవాటు. ఆ నెల పని ఎక్కువై సర్దలేదు. తర్వాత నెల సగంలో కూర్చున్నాను. షుగరువి, థైరాయిడ్‌వి పక్కన పెడుతుంటే అడుగున గుంటూరు ల్యాబు ముద్ర ఉన్న పెద్ద కవరు కనపడింది. రేపల్లె ఆవిడది. తీసుకెళ్ళలేదు. ఫోన్ చేసి ఆరు వారాలు దాటింది.

నర్సింగ్‌హోముకి ఫోన్ చేశాను. అక్కడి నర్సు రిజిస్టర్ చూసి, "కుట్లు తీయించుకోవడానికి కూడా ఇక్కడికి రాలేదండి. గుంటూరో విజయవాడో వెళ్ళుంటారులే అనుకున్నాం" అంది.

అప్పుడు గుర్తొచ్చింది, ముందు ఆ ఏడుపు, తర్వాత నేను చెప్పిన ముక్క.

మీకు నిజం చెప్పాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన ఆవిడ గురించి కాదు. ఫోన్లో చెప్పిన మాటకి రికార్డు ఉండదు కదా అన్నది మొదటి ఆలోచన. రిపోర్టు తీసుకెళ్ళకపోవడం వాళ్ళ తప్పు అన్నది రెండోది. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, మళ్ళీ మూత పెట్టేశాను. కడిగిన స్లైడులే మళ్ళీ కడిగాను. మూడు గంటలకి కవరు పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

ఆవిడ మైక్రోస్కోపు మీంచి తలెత్తి అంతా విన్నారు.

"మీరేమన్నారో అన్నట్టే చెప్పండి."

"మూడూ నెగెటివేనండి, అన్నాను."

"వాళ్ళేమన్నారు?"

"హమ్మయ్య అన్నారు మేడం."

"విని పెట్టేశారా?"

"పెట్టేశాను."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేదేమో. ఆవిడ మా మొదటి రిపోర్టు కాపీ తెప్పించుకుని, గుంటూరు రిపోర్టు పక్కన పెట్టి, ఎవరో కొత్తవాళ్ళు రాసింది చదువుతున్నట్టు మెల్లగా చదివారు. తర్వాత వేలితో చూపిస్తూ అన్నారు: "ఇక్కడ అంచులు నెగెటివ్. ఇది మంచి కబురు. ఇక్కడ బిళ్ళలు పాజిటివ్. ఇది చెడ్డ కబురు. ఇక్కడ మూడు పరీక్షలు నెగెటివ్. ఇదేమో మంచిది కాదు. ఒక్క మనిషికి మూడు రకాలుగా రాసిచ్చాం. చదివేది డాక్టరే కదా అనుకుంటూ ఇన్నేళ్ళూ ఇలాగే రాశాను." రెండు కాయితాలూ కలిపి నా చేతికిచ్చి, "మీరొక్కరే చేసిన తప్పు కాదిది. కానీ వెళ్ళాల్సింది మాత్రం మీరే. వాళ్ళు విన్నది మీ గొంతు" అన్నారు.

ఫారం మీదున్న నంబరుకి సాయంత్రం వరకూ చేశాం. ఆ నంబరు ఉపయోగంలో లేదని వచ్చింది. మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కాను.

ఫారం మీద వీధి పేరు, వృత్తి దగ్గర కుట్టుపని అని, అంతే ఉంది. మసీదు వెనక వీధిలో, ఆపరేషన్ అయిన కుట్టుపని ఆవిడ ఇల్లేదని అడిగితే ఒకావిడ గుమ్మంలోంచే చెప్పింది. "ఆమె ఇక్కడ లేదండి. బాపట్ల తమ్ముడింటికి వెళ్ళింది, విశ్రాంతిగా ఉంటుందని. అంతా నెగెటివ్ వచ్చిందంట కదండి, వెళ్ళే ముందు వీధి మొత్తానికి సేమ్యా పాయసం పంచింది. మాక్కూడా ఇచ్చింది."

ఆవిడ మంచినీళ్ళు తాగుతారా అని అడిగింది.

రేపల్లెలో బాపట్ల బస్సెక్కాను. చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా దారిపొడవునా నారుమళ్ళకి దుక్కి చేస్తున్నారు. ఏం చెప్పాలో మనసులో పది రకాలుగా కూర్చుకున్నాను. ఏది కూర్చినా "ఫోన్లో సరిగా వినపడి ఉండదు" అన్నదాని దగ్గరకే జారిపోతోంది. బస్సు దిగేసరికి ఒకటి మాత్రం తేల్చుకున్నాను. ముందు నా తప్పు చెప్పాలి, తర్వాతే మిగతాది.

పరుపుల షాపు వెతకడం కష్టం కాలేదు. తమ్ముడు దూది ఏకే మిషన్ ఆపి, నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ లేచాడు. షాపు వెనకే ఇల్లు. "ఆపా, తెనాలి ల్యాబ్ మేడం వచ్చారు" అని ముందే పిలిచేశాడు.

ఆవిడని నేను అప్పటిదాకా చూడలేదు. ఆవిడ శరీరంలో ఒక భాగాన్ని చూశాను, కొలిచాను, కోశాను. మనిషిని మాత్రం ఆ రోజే చూశాను. సన్నటి మనిషి. కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతోంది. పక్కన నీలం గుడ్డ మోకాలెత్తు పేర్చి ఉంది. లేచి, ఎడమ చెయ్యి పైకి రాక కుడిచేత్తో ముసుగు సర్దుకుంది.

"కూర్చోండి అక్కా. ఎండలో పడొచ్చారు. ఏంటి, ఇటువైపు ఏదన్నా పనుందా?"

"మీ కోసమే వచ్చానమ్మా."

"నా కోసమా?" అని తమ్ముడి వైపు చూసింది. కుర్చీ వేసింది, షర్బత్ తెచ్చింది. దూది పెట్టి జాకెట్టు ఎలా కుట్టుకుందో తనే చెప్పింది. "తమ్ముడి షాపులోదే, మంచి దూది. బయటికి తెలుస్తోందా అక్కా?" అని అడిగింది. తెలియట్లేదన్నాను. నిజంగానే తెలియట్లేదు.

గ్లాసు కింద పెట్టి చెప్పాను. "అమ్మా, నేను ఫోన్లో ఒక మాట చెప్పాను. దానికి మీరనుకున్న అర్థం లేదు. మీరనుకుంటున్నారని అప్పుడే నాకు అనుమానమొచ్చింది. అయినా సరిచేయలేదు, ఫోన్ పెట్టేశాను. మీకు వైద్యం పూర్తి కాలేదు. ఇంకా ఉంది."

తమ్ముడే అన్నాడు.

"నెగెటివ్ అని మీరే కదండి చెప్పారు?"

"నేనే చెప్పానండి."

"నెగెటివ్ అంటే లేదని కాదా?"

"దీంట్లో కాదండి."

"అయితే అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఊరంతా చెప్పుకున్నాం. కుట్లు ఇక్కడే తీయించేశాం. డాక్టరు దగ్గరకి ఎందుకులే అని నేనే ఆపేశాను. నేనే ఆపానండి మా ఆపాని." దూది అంటిన చేతుల్ని చొక్కాకి తుడుచుకున్నాడు. "వచ్చి తీసుకెళ్ళండి అని గట్టిగా ఒక్క మాట అంటే వచ్చేవాడిని కదా. సిమ్ మార్చాను, నిజమే. మీరైనా ఆరు వారాలు ఏం చేస్తున్నారు?"

ప్రతి మాటా న్యాయమైనదే.

ఆవిడ తమ్ముడిని చేత్తో ఆపింది. "ఆగరా. ఏం రాశారో ముందు విననీ." నా వైపు తిరిగి, "కాయితం తెచ్చారా అక్కా?" అంది.

తెచ్చాను. కుట్టుమిషన్ బల్ల మీద రెండు రిపోర్టులూ పరిచాను. ఆవిడ ఇంగ్లీషు చదవలేదు కానీ ఏ లైనులో ఏముందో చూపించమంది. చూపిస్తూ చెప్పాను.

"ఈ కాయితాల్లో రెండు రకాల ప్రశ్నలున్నాయమ్మా. మొదటి రకం, జబ్బు ఫలానా చోట ఉందా అని. గడ్డని ఒక్కదాన్నే తీయరు. చుట్టూ కాస్త మంచి కండ కూడా కలిపి తీస్తారు. ఆ అంచుల్లో జబ్బు ఉందా అని చూశాం. లేదు. అది మంచి మాట. చంకలో బిళ్ళల్లో ఉందా అని చూశాం. రెండింటిలో ఉంది. అంటే గడ్డ దగ్గర్నుంచి బయటికి అడుగు వేసింది. ఆ బిళ్ళలు తీసేశారు కానీ, కంటికి కనపడని కణాలు ఇంకెక్కడికైనా వెళ్ళి ఉండొచ్చు. వాటికోసమే మందు ఎక్కించాలి."

"రెండో రకం?"

"రెండోది, తీసేసిన గడ్డ ఎలాంటిది అని. ఇంట్లో కూర్చుని రోజూ వేసుకునే హార్మోను మాత్రలకి లొంగే రకమా? దానికి రెండు పరీక్షలు. కాదన్నాయి. ఇంకో ప్రత్యేకమైన ఇంజెక్షన్‌కి లొంగే రకమా? దానికొకటి. అదీ కాదంది. నేను ఫోన్లో చెప్పిన మూడు నెగెటివ్‌లు ఇవే."

"అయితే నాకు మందే లేదా?"

"ఉంది. సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు, కీమో అంటారు. ఇలాంటి గడ్డకి ముఖ్యంగా పనిచేసేది అదే. మీకు నెల కిందటే మొదలవ్వాల్సింది."

ఆవిడ చేతిలో ఉన్న నీలం గుడ్డ ముక్కని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"జబ్బు ఉందా అంటే లేదు అనాలి. ఫలానా రకమా అంటే కాదు అనాలి. తెలుగులో రెండు మాటలున్నాయి కదా అక్కా. లేదు వేరు, కాదు వేరు. రెండింటికీ కలిపి నెగెటివ్ అంటే మాలాంటివాళ్ళం ఏమనుకోవాలి?"

ఎంతమంది డాక్టర్ల దగ్గర, ఎన్ని ట్రైనింగుల్లో కూర్చున్నానో. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, తన ప్రాణం గురించి వింటూ, ఐదు నిమిషాల్లో పట్టుకుంది.

"ఆలస్యమైపోయిందా?" అని అడిగింది.

దానికి నేను జవాబు చెప్పకూడదు, చెప్పలేను కూడా. డాక్టరుగారికి ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చాను. స్పీకరులో పెట్టమంది, తమ్ముడు కూడా వినాలని. డాక్టరుగారు మొదలుపెట్టడమే ఇంగ్లీషు మాటలతో మొదలుపెట్టారు. ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు. "అమ్మా, ఆలస్యమైంది. అది దాచను. అయినా ఇప్పుడు మొదలుపెట్టినా ఉపయోగం ఉంది. ఇంకా జాప్యం చేస్తే మాత్రం ఆ ఉపయోగం తగ్గిపోతూ వస్తుంది. రేపు రండి. సర్జన్‌గారితో నేను మాట్లాడి, మందు ఎక్కించే డాక్టరు దగ్గరకి గుంటూరు పంపిస్తాను." ఆవిడ అడుగుతూ పోయింది, డాక్టరుగారు చెబుతూ పోయారు. జుట్టు గురించి, మిషన్ తొక్కొచ్చా అని, ఇంటర్ చదివే కూతురికి కూడా వస్తుందా అని. కూతురి సంగతి అడిగినప్పుడు, దానికి వేరే పరీక్ష ఉందని, తల్లికి చేసి చూశాకే ఆ మాట చెప్పగలమని చెప్పారు. అరగంట పైనే మాట్లాడారు. మా డాక్టరుగారు ఒక పేషెంటుతో అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

ఫోన్ ఇచ్చేసి ఆవిడ, "ఈ యూనిఫారాలు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడింది" అంది. కాసేపటికి తమ్ముడి భార్యని పిలిచి, ఏ జత ఎవరిదో, ఎవరికి పొడుగు ఎంత వదలాలో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. వస్తానని ఆవిడ నాతో చెప్పనే లేదు, కానీ అర్థమైంది. తమ్ముడు నన్ను స్టేషన్ దాకా బండి మీద దింపాడు. దిగాక, "రేపు ఏ రైలుకి రమ్మంటారు?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు వచ్చారు. ఆ వారంలోనే గుంటూరులో మందు మొదలైంది. మూడు వారాలకోసారి వెళ్ళి రావాలి. రెండోసారి నుంచి రేపల్లె ఇంటి నుంచే వెళ్ళేది. తిరుగు ప్రయాణంలో తెనాలిలో రైలు మారే వ్యవధి ఉంటే ల్యాబుకొచ్చి నా గదిలో కూర్చునేది. ఫార్మలిన్ వాసనకి వాంతి వస్తుందేమోనని నాకు భయం. "ఎక్కించే మందు కన్నా మీ గది వాసనే నయం అక్కా" అనేది.

ఆ రోజుల్లోనే డాక్టరుగారు ఒక పని తలపెట్టారు. ప్రతి రొమ్ము క్యాన్సర్ రిపోర్టుతో పాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వాలని. మొదటి ప్రతి ఆవిడే రాశారు. ఎవరో నిఘంటువు పక్కన పెట్టుకుని రాసినట్టుంది. నేను చదివి బాగుందన్నాను. డాక్టరుగారు నా మాట నమ్మకుండా, మా గదిలో కూర్చున్న రేపల్లె ఆవిడకిచ్చారు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండో లైను దగ్గరే ఆగింది. "శోషరస గ్రంథులు అంటే ఏంటక్కా?"

"చంకలో బిళ్ళలు."

"మరి అలాగే రాయొచ్చు కదా?"

డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి, "అది మరీ మామూలు మాటలా ఉండదా?" అన్నారు.

"మామూలువాళ్ళకే కదా మేడం వచ్చేది" అంది ఆవిడ.

శోషరస గ్రంథులు పోయాయి. హార్మోను పరీక్షల దగ్గర "గ్రాహకాలు" అన్న మాట చూసి ఆవిడ నవ్విన నవ్వుకి డాక్టరుగారు కూడా నవ్వారు. అదీ పోయింది. అంచుల దగ్గర మాత్రం ఆవిడే ఒక వాక్యం చెప్పింది. "కుట్టుకి చుట్టూ గుడ్డ వదిలి కత్తిరించినట్టు, గడ్డ చుట్టూ మంచి కండ వదిలి కోశారా లేదా అని రాయండి. ఆడవాళ్ళందరికీ తెలుస్తుంది." అది అలాగే రాశాం. ఉందా అని అడిగిన చోటల్లా ఉంది, లేదు అని పెట్టాం. ఎలాంటి రకం అని అడిగిన చోటల్లా అవును, కాదు అని పెట్టాం. నెగెటివ్ అన్న మాట ఆ పేజీలో ఒక్క చోటే ఉంది, "ఈ మాట ఎవరైనా చెబితే, దేని గురించో అడగండి" అన్న చోట.

సర్జన్‌గారికి నచ్చలేదు. చంకలో బిళ్ళలకి పాకిందని తెలుగులో రాసిస్తే పేషెంట్లు హడలిపోతారన్నారు. "ఇంగ్లీషులో రాసిస్తే ఏమైందో చూశాం కదండీ" అన్నారు డాక్టరుగారు. ఆవిడ ఎవరికైనా ఎదురు చెప్పడం కూడా నేను అప్పుడే చూశాను. పేజీ అడుగున సందేహముంటే ఫోన్ చేయమని రాసి, నా నంబరు వేశాం. అదొక శిక్ష అని మొదట్లో అనుకున్నాను. ఆ తర్వాత సముద్రం వైపు ఊళ్ళైన అడవులదీవి నుంచి, వాడరేవు నుంచి కూడా చేసేవాళ్ళు. రిపోర్టు చేత్తో పట్టుకుని, లైను లైనుకీ ఆగి అడిగేవాళ్ళు. తెలిసింది చెప్పేదాన్ని. తెలియనిది డాక్టరుగారికి ఇచ్చేదాన్ని. పెట్టేసే ముందు ఒకటి అలవాటు చేసుకున్నాను: "ఇప్పుడు నేనేం చెప్పానో మీరు మళ్ళీ నాకు చెప్పండి." మీరు ఈ రాతలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా పరవాలేదు, ఆ ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. దానికి ఒక నిమిషం పడుతుంది.

రేపల్లె ఆవిడ అన్ని డోసులూ పూర్తి చేసింది, మధ్యలో రెండుసార్లు రక్తకణాలు పడిపోయి ఆగినా. తర్వాత రేడియేషన్ కూడా అయింది. ఇప్పటికీ పరీక్షలకి వెళ్తోంది. ఇప్పటివరకూ మళ్ళీ ఏమీ కనపడలేదు. ఆ పోయిన వారాలు ఆవిడకి ఏమైనా నష్టం చేశాయా అని డాక్టరుగారిని ఒకసారి అడిగాను. "తెలియదు. తెలిసే దారి కూడా లేదు" అన్నారు. ఆ జవాబుతోనే బతకడం అలవాటు చేసుకుంటున్నాను.

నేను రిటైరవడానికి కొన్నాళ్ళ ముందు, గుంటూరులో చూపించుకుని వస్తూ ఆవిడ తెనాలి స్టేషన్‌లో దిగింది. రేపల్లె రైలుకి గంట టైముంది. ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాం. జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త ఉంగరాలుగా. చాన్నాళ్ళుగా అడగాలనుకుంటున్నది అడిగాను.

"నా మీద మీకు కోపం రాలేదా?"

"వచ్చింది" అంది వెంటనే. "మీరు బాపట్ల వచ్చిన రోజు రాలేదు. ఆ రోజు భయం తప్ప ఇంకేదీ లేదు. జుట్టు ఊడిపోయిన రోజు వచ్చింది. దువ్వెన నిండా వచ్చేసింది. ఈ మందు నెల ముందే అయిపోయేది కదా, ఈ మనిషి వల్లే కదా అనుకున్నాను. ఆ వారం మీరు ఫోన్ చేస్తే తీయలేదు. రైలు మారే టైమున్నా మీ దగ్గరకి రాలేదు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

నాకు ఆ వారం గుర్తుంది. నీరసంగా ఉండి ఉంటుందిలే అనుకున్నాను.

"తర్వాత పోయిందా?"

ఆవిడ ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "పోవడం కాదక్కా. ఆ తర్వాత ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచింది. దానికి భయపడాలో వద్దో తెలియలేదు. తమ్ముడు ఏదేదో చెబుతున్నాడు, పక్కింటివాళ్ళు ఇంకేదో చెబుతున్నారు. ఎవర్ని అడగాలా అని కూర్చుని ఆలోచించాను. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి మీరొక్కరే కనపడ్డారు. కోపంగానే ఫోన్ చేశాను. మీరు చెప్పింది కాయితం మీద రాసుకున్నాను."

రైలు ప్లాట్‌ఫాం మీదకొచ్చింది. ఆవిడ సంచీ నేను తీసుకోబోతే వద్దని కుడిచేత్తో తనే ఎత్తుకుని, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది.